పొడుగు ఫోటో, రెండో గుడ్డు

పొడుగు ఫోటో తియ్యడం పెద్ద విద్యేమీ కాదు. ఫోన్ని నిలువుగా పట్టుకోవాలి. మోచేతులు రెండూ డొక్కలకి ఆనించుకోవాలి. తిరగాల్సింది చేతులు కాదు, పాదాలు. నిలబడ్డ చోటే నిలబడి, తిరగలి తిరిగినట్టు నిదానంగా చుట్టూ తిరగాలి. ఫోన్ మీద ఒక గీత, ఆ గీత మీద ఒక బాణం కనబడతాయి. బాణం కాస్త పైకి పోతే కిందికి దించమంటుంది, కిందికి పోతే పైకెత్తమంటుంది, తొందరపడితే నెమ్మదిగా అంటుంది, ఆగితే ఎందుకు ఆగావంటుంది. అత్తవారింట్లో ఆరేళ్లు కాపురం చేసినదాన్ని కనుక నాకు ఇది తొందరగానే పట్టుబడింది.

ముప్ఫై లెక్కపెట్టేలోగా చుట్టుపక్కల ఉన్నదంతా ఒకే ఫోటోలో వచ్చేస్తుంది. ఒక్కటే షరతు. ఆ ముప్ఫై లెక్కపెట్టేంతసేపూ ఎదురుగా ఉన్నవేవీ కదలకూడదు. కొండలు, గోడలు, బీచిలో పడవలు అయితే చాలా బాగా వస్తాయట. మమ్మల్ని తీయమన్నది ఐదేళ్లలోపు పిల్లల్ని.

మాది జీడిబట్టీల ఊరు. మగవాళ్లు బట్టీల్లో జీడిపిక్కలు కాల్చే పనికి పోతారు, ఆడవాళ్లం ఇళ్ల దగ్గర కూర్చుని పప్పుకి పొట్టు తీస్తాం. పనిచోట పిల్లలు తిరిగితే జీడి తగిలి ఒళ్లు పొక్కుతుంది. అందుకని తెల్లారి ఎనిమిదయ్యేసరికి పేటలోని చిన్నపిల్లలందర్నీ తెచ్చి ఒక గదిలో దింపుతాం. ఆ గది పేరు బోర్డు మీద శిశు సంపూర్ణ దర్శన కేంద్రం అని ఉంటుంది. అంతకుముందు ఇంకో పేరు ఉండేది, అంతకుముందు మరొకటి. మేము మాత్రం ఎప్పుడూ గుడ్లబడి అనే అన్నాం, ఎందుకంటే పిల్లకి రోజుకో గుడ్డు పెడతారు.

మా కుసుమని అక్కడ చేర్చేనాటికి దానికి మూడేళ్ల ఏడు నెలలు. బరువు పది కిలోల నాలుగు వందల గ్రాములు. బరువు కార్డులో కింద ఎరుపు, మధ్యన పసుపు, పైన ఆకుపచ్చ పట్టీలుంటాయి. కుసుమ చుక్క ఎరుపులో పడింది. నర్సమ్మ ఆ చుక్కని చూసి, నన్ను చూసి, రోజుకి రెండు గుడ్లు తప్పనిసరిగా పెట్టమంది. ఒకటి గుడ్లబడిలో వస్తుంది, రెండోది ఎక్కణ్ణించి తెస్తావో తెచ్చుకో అని కూడా అంది. మా ఇంట్లో గుడ్డు ఆదివారం ఉడుకుతుంది. ఆ రోజునుంచి నాకు పప్పు పొట్టు తీస్తున్నా, కూర కలియబెడుతున్నా ఆ ఎర్రపట్టీయే కళ్ల ముందు. పిల్లని దింపేసి ఇంటికి వచ్చెయ్యకుండా, తింటోందో లేదో చూద్దామని గుమ్మం దగ్గరే నిలబడిపోయేదాన్ని.

అలా నిలబడి ఉన్న రోజుల్లోనే ఉత్తర్వు వచ్చింది.

టీచరు అప్పలకొండమ్మగారు ఇరవయ్యెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. పిల్లల ముక్కులు తుడవడంలో ఆమెని మించినవాళ్లు లేరు గానీ, ఆఫీసు భాష అంటే ఆమెకి ఆమడదూరం. నేను తొమ్మిదో తరగతి సగం దాకా చదివాను కనుక కాగితం నా చేతిలో పెట్టింది. నేను పైకి చదివాను. "ఇంతవరకు పంపబడుచున్న ఛాయాచిత్రములకు నాలుగు అంచులు కలవు. అక్రమములన్నియు అంచులకు ఆవలనే జరుగుచున్నట్లు విభాగము నిశితముగా గుర్తించినది. కావున ఇకమీదట అంచులు లేని సంపూర్ణ దర్శన ఛాయాచిత్రములు మాత్రమే స్వీకరింపబడును."

దాని కింద వివరాలున్నాయి. గది నాలుగు గోడలు, పిల్లలందరూ, టీచరు, ఆయా, పొయ్యి, గుడ్ల గిన్నె, తాగునీటి బిందె అన్నీ ఒకే ఫోటోలో పడాలి. పిల్లలు గోడల వెంట వరసగా కూర్చోవాలి. ప్రతి పిల్ల కుడిచేతిలో గుడ్డు ఉండాలి. పై ఆఫీసులో ఉన్న దర్శన యంత్రం ఫోటోలోని తలకాయల్ని లెక్కపెట్టి, ఎన్ని తలలుంటే మర్నాటికి అన్ని గుడ్లు మంజూరు చేస్తుంది.

అప్పలకొండమ్మగారు వారంరోజులు ప్రయత్నించి ఫోన్ తెచ్చి నాకిచ్చేసింది. "గుండ్రంగా తిరిగితే నాకు తల తిరిగిపోతన్నాదే దమయంతీ. నిన్నటి ఫోటోలో సగం గది, సగం పైకప్పు, ఆకరికి నా పాదాలు పడ్డాయి. గుమ్మంకాడ ఊరికే నిలబడతావు కదా, నువ్వు తియ్యి తల్లీ" అంది.

ఆ విధంగా నేను తియ్యడం మొదలుపెట్టాను.

మొదటి ఫోటోలో గోడలు బ్రహ్మాండంగా వచ్చాయి. నల్లబల్ల అరటిపండులా వంగింది గానీ అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. పిల్లల దగ్గరే కాస్త తేడా వచ్చింది. ఇరవైరెండు మంది ఉంటే, ఒకడికి తల ఒకచోట, మెడ ఇంకోచోట పడ్డాయి. చెయ్యి ఊపిన పిల్లకి ఆ చెయ్యి మూడో పిల్లదాకా సాగింది. పక్కకి జరిగిన కవల అన్నదమ్ములు ఒకే మొండెంగా కలిసిపోయారు. నాలుగు కాళ్లతో పడ్డ ఒక పిల్లాడి గురించి, వాడికి చెప్పులు మంజూరు చేసేటప్పుడు ఎన్ని జతలు అవసరమో తెలపమని ఉత్తరం వచ్చింది.

మా కుసుమ నడుం పైభాగం కనపడలేదు. గౌను, రెండు కాళ్లు బాగా వచ్చాయి.

దర్శన యంత్రం లెక్కపెట్టి పద్దెనిమిదిన్నర అని తేల్చింది. అర ఎవరా అని చూస్తే కుసుమే. తల లేనివాళ్లకి గుడ్డే రాకపోవాలి గానీ, కాళ్లు ఉన్నాయి కనుక దయతలచి ఒక సవరణ ఉత్తర్వు వేశారట. "సగము దర్శనమిచ్చిన శిశువును సగముగానే పరిగణించి, తదనుగుణముగా పోషకాహారమును అందజేయవలెను." అప్పలకొండమ్మగారు పైట చెంగున కట్టుకున్న కుట్టుదారం విప్పి, ఉడికిన గుడ్డుని దాంతో సరిగ్గా మధ్యకి కోసి, ఒక సగం కుసుమకి పెట్టింది. మిగతా సగం ఎవరికి చెందుతుందో ఉత్తర్వులో లేదు. తనిఖీ వస్తే చూపించాలని గిన్నెలో మూతపెట్టి దాచింది. రెండు గుడ్లు తినాల్సిన పిల్ల అరగుడ్డుకి దిగింది.

నేను ఇంటిదగ్గర కుసుమకి కదలకుండా కూర్చోవడం నేర్పడానికి కూర్చున్నాను. ముప్ఫై లెక్కపెట్టేదాకా కదలకపోతే మూడు జీడిపప్పులు ఇస్తానన్నాను. నాలుగు దగ్గర కాలివేళ్లు ఆడించింది. కదిలావు కదే అంటే, "కాళ్లే కదిలినాయమ్మా, నాను కదల్లేదు" అంది. పదకొండు దగ్గర కోడి కనబడింది. పదమూడు దగ్గర పిల్ల కనబడలేదు.

ఇలాంటి పిల్లలు ఒక్క మా పేటలోనే కాదు, అన్నిచోట్లా ఉన్నారని విభాగం తొందరగానే గ్రహించింది. పిల్లలు కదలడానికి కారణం ఏమిటని ఒక సంఘం వేసి విచారించి, ఆటలే కారణమని కనుక్కున్నారు. ఆటల గంట తీసేసి దాని స్థానంలో నిశ్చల అభ్యాసం పెట్టారు. గంతులుండే పాటలు ఆపేశారు. ఉయ్యాల విప్పించి కొట్లో పడేశారు, అది ఫోటోలో పొడుగాటి పాములా పడి యంత్రాన్ని భయపెడుతోందని. పిల్లలు పొద్దున్నించి గోడకి వీపులు ఆనించి, చేతిలో గుడ్డుతో, ఫోటో సరేనని ఆఫీసునుంచి టిక్కు మార్కు వచ్చేదాకా కూర్చునేవారు. సిగ్నలు అందని రోజున టిక్కు మధ్యాహ్నానికి వచ్చేది. అప్పటికి గుడ్లు పిడికిళ్లలో నలిగి ఉండేవి.

ఆ నెలలో ఒక్క రోజు మాత్రం ఫోటో అద్భుతంగా వచ్చింది. ఆ రోజు వచ్చింది ఇరవై మంది పిల్లలు, ఇరవై తలలు, ఎవరి చెయ్యి వాళ్లకే. ఒక్కరూ కనురెప్ప కూడా ఆడించలేదు. పేటంతా విషజ్వరాలు ఉన్న వారం అది. మూడోరోజున మా కేంద్రానికి ప్రశంసాపత్రం వచ్చింది, ఇదే నిశ్చలతను ఇకముందు కూడా కొనసాగించవలసిందని. అప్పలకొండమ్మగారు దాన్ని మందుల పెట్టె మీద అతికించింది.

జ్వరం తగ్గి లేచేసరికి కుసుమ మోచేతులు పదునుగా తేలాయి.

తగ్గిన రెండో రోజున జరిగింది అసలు సంగతి. నేను ఫోటో మొదలుపెట్టేది గుమ్మం పక్కనుంచి. కుసుమ కూర్చునేది అక్కడే. ముగించేది పొయ్యి దగ్గర. గుడ్ల గిన్నె ఉండేది అక్కడ. ఫోన్ తనని దాటిపోగానే కుసుమ లేచి, నా వీపు వెనకనుంచి పరుగెత్తి, గిన్నె దగ్గరికి పోయి, దొంగలా దాని పక్కన కూర్చుంది. నేను తిరిగి తిరిగి అక్కడికి వచ్చేసరికి ఫోన్లో మళ్లీ కుసుమే, పళ్లన్నీ బయటపెట్టి. ఆపితే మొదటినుంచి తియ్యాలి కదా అని ఆపలేదు. చూస్తే ఫోటోకి ఆ చివర ఒక కుసుమ, ఈ చివర ఒక కుసుమ. ఇద్దరికీ తలలున్నాయి, కాళ్లున్నాయి, చేతిలో చెరో గుడ్డు ఉంది. ఇంత చక్కగా ఏనాడూ రాలేదు.

మర్నాడు ఆఫీసునుంచి గుడ్లు ఒకటి ఎక్కువ వచ్చాయి. వాటితో పాటు కాగితం. ఒకే రూపురేఖలు గల ఇద్దరు శిశువులు కేంద్రములో ఉన్నట్లు యంత్రము ధ్రువీకరించినది కావున, రెండవ శిశువును కుసుమ (ద్వితీయ) అను పేరున పట్టికలో చేర్చడమైనది అని.

అప్పలకొండమ్మగారు కాగితం మడిచి నా మొహంలోకి చూసింది. నేను కుసుమ మోచేతులవైపు చూశాను.

"ఏటంతావే? తప్పని రాసీమంతావా?" అంది.

"రేపు రాద్దాంలెండి టీచరమ్మా" అన్నాను.

కుసుమ ఆ రోజు రెండు గుడ్లు తింది. రెండోది తింటున్నప్పుడు పచ్చసొన కొంచెం గొంతుకి అడ్డుపడితే నేనే నీళ్లు పట్టాను. మర్నాడు కూడా రేపు రాద్దామనే అనుకున్నాం. ఆ మర్నాడూ అదే అనుకున్నాం. ఇక ఆ తరవాత అనుకోవడం మానేశాం.

కాకపోతే ఇద్దరు కుసుమలూ రోజూ హాజరవ్వాలి కదా. అందుకని రోజూ కుసుమ పరుగెత్తాలి. మిగతా పిల్లలు నిశ్చల అభ్యాసం చేస్తుంటే మా పిల్ల పరుగు అభ్యాసం చేసేది. ఎప్పుడైనా మరిచిపోయి కూర్చుండిపోతే నేను నాలుకతో టక్కుమనేదాన్ని. ఆ శబ్దానికి లేచి నా వెనకనుంచి తుర్రుమనేది. చూసి మిగతా పిల్లలు కూడా పరుగెడతామని పేచీ పెట్టారు. అప్పలకొండమ్మగారు కుదరదంది. "పేటంతా కవలలయిపోతే జీపొస్తాదర్రా, కూకోండి" అని వాళ్లకి తలో బెల్లంముక్క పెట్టి ఊరుకోబెట్టింది. చేసింది తప్పని నాకు తెలియక కాదు. రెండు నెలల్లో కుసుమ చుక్క ఎరుపు దాటి పసుపులో అడుగుపెట్టింది. పదకొండు కిలోలు. ఆ కార్డుని నేను బియ్యం డబ్బాలో పెట్టుకుని రోజూ చూసుకునేదాన్ని.

పేటంతా కవలలు కాకపోయినా జీపు వచ్చింది.

వచ్చిన ఆయన పేరు గుణశేఖరరావుగారు, హోదా ప్రాంతీయ దర్శనాధికారి. ద్వితీయ పుట్టిన తేదీ తెలపమని మూడు ఉత్తరాలు రాసినా జవాబు లేకపోయేసరికి స్వయంగా దయచేశారు. చేతిలో పలకలాంటి పెద్ద ఫోను ఉంది. కుర్చీలో కూర్చుని కుసుమని తెమ్మన్నారు. తెచ్చాను. అది కుడిచేతిలో గుడ్డుతో ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన దాన్ని చూడలేదు, ఫోన్లో ఉన్న దాన్ని చూశారు.

"ఈమె ప్రథమా, ద్వితీయా?" అని అడిగారు.

ఒక్కతే పిల్లండీ, కుసుమండీ అన్నాను. ఆయన చిరాకుపడలేదు. ఓపికగా పలకని నావైపు తిప్పి ఒక్కొక్క ఫోటో జరుపుతూ చూపించారు. మొత్తం అరవై రెండు. ప్రతిదాంట్లో ఆ చివరా ఈ చివరా మా పిల్లే.

"చూడమ్మా, మానవనేత్రం పక్షపాతంతో కూడినది. అందులోనూ తల్లి నేత్రం. యంత్రానికి బంధుత్వాలు లేవు. అరవై రెండు సంపూర్ణ దర్శనాలు ఒకవైపు, మీ నోటిమాట ఒకవైపు. నేను దేనిని విశ్వసించవలె?"

పిల్ల వెనకనుంచి పరుగెడుతుందండీ అని చెప్పబోయాను. సగం మాట నోట్లో ఉండగానే ఆయన కలం తీశారు. యంత్రాన్ని బుద్ధిపూర్వకంగా వంచించినట్లు అంగీకరిస్తున్నారా, అట్లయితే టీచరుగారి ఉద్యోగమూ, ఈ శిశువు పేరూ రెండూ ఇప్పుడే తొలగించవలసి ఉంటుంది అన్నారు. అప్పలకొండమ్మగారి చెయ్యి నా చేతిలో ఉంది. ఇంకో రెండేళ్లకి ఆమె రిటైరు. నేను నోరు మూసుకున్నాను.

"విషయం తేలేంతవరకు ప్రథమకు, ద్వితీయకు, ఉభయులకూ నిలుపుదల" అని ఆయన రాసుకున్నారు. రాసుకుని, కుసుమ చేతిలోంచి గుడ్డు తీసుకుని బల్లమీద ఒక కాగితం పరిచి దానిమీద పెట్టారు. అది వివాదాస్పదమైన గుడ్డట. దొర్లిపోకుండా రెండువైపులా రెండు రబ్బరు ముద్రలు అడ్డుపెట్టారు.

కుసుమ ఏడవలేదు. గుమ్మం పక్కన తన చోటికి వెళ్లి కూర్చుంది. అక్కడినుంచి ఆ గుడ్డుని చూస్తూ ఉంది.

తన సమక్షంలో ఒక సంపూర్ణ దర్శనం తియ్యమన్నారు అధికారిగారు. నేను ఫోన్ తీసుకుని గది మధ్యలో నిలబడ్డాను. మోచేతులు డొక్కలకి ఆనించాను. పరుగెత్తమని టక్కుమందామా అంటే ఆయన చెవులు ఉన్నాయి. పరుగెత్తకపోతే రెండో పిల్ల ఏదంటారు. ఏం చెయ్యాలో తేల్చుకోలేకుండానే తిరగడం మొదలుపెట్టాను. కుసుమని దాటాను. నా వీపు వెనక అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. ఒకటినుంచి ముప్ఫై దాకా, పుట్టినప్పటినుంచి నిద్రలో కూడా నిలవని పిల్ల, కాలివేలు కూడా కదపకుండా బల్లమీది గుడ్డుని చూస్తూ కూర్చుంది.

ఫోటో వచ్చింది. ఒక్క కుసుమ. మధ్యలో చెమట తుడుచుకోవడం వల్ల అధికారిగారు మూడు చేతులతో పడ్డారు. ఆ భాగంపై ఆయన వ్యాఖ్యానించలేదు.

"ద్వితీయ ఎక్కడ?" అన్నారు.

ఆయన సంచిలోంచి ఒక ఫారం తీశారు. పట్టికలోంచి ఒక పేరు తీసెయ్యాలంటే అందులో మూడే కారణాలున్నాయట. మరణం, వివాహం, వలస. దేనికి టిక్కు పెట్టమంటారని అడిగారు. మొదటి మాటకి అడ్డంగా తల ఊపాను. లేని పిల్లకైనా ఆ మాట నేను అననివ్వను. అప్పలకొండమ్మగారికి ఎక్కణ్ణించి వచ్చిందో ధైర్యం, ముందుకు వచ్చి, "వలస బావూ. వలసే. మా పేటలో అందరూ ఎల్తారు" అంది.

ఆయన వలస దగ్గర టిక్కు పెట్టారు. దాని కింద ఇంకో గడి ఉంది, తోడు వెళ్లినవారు అని. ఐదేళ్లలోపు శిశువు ఒంటరిగా వలస పోజాలదు కనుక ఎవరో ఒకరు వెంట వెళ్లే ఉంటారు అన్నారు. తండ్రి ఏడంటే బట్టీలో ఉన్నాడన్నాం. ఫోన్ చేసి బట్టీ మేస్త్రీని అడిగారు. ఉన్నాడని తేలింది.

"అయితే తల్లి వెళ్లి ఉండవలె" అన్నారు.

పలక తీసుకుని అరవై మూడు ఫోటోలూ మళ్లీ మొదటినుంచి జరిపారు. ఈసారి వేలితో పెద్దవి చేసి మూలమూలా వెతికారు. టీచరు అన్నింట్లోనూ ఉంది. ఆయా అన్నింట్లోనూ ఉంది. గుమ్మంలోకి తొంగిచూసిన మేక కూడా రెండింట్లో ఉంది. ఆయన పలక బల్లమీద పెట్టి తృప్తిగా వెనక్కి వాలారు.

"తల్లి ఏ ఒక్క దర్శనంలోనూ లేదు."

"నేనే కదండీ తల్లిని. ఫోటో తీస్తున్నది నేనే కదండీ. తీసేవాళ్లు అందులో ఎలా పడతారండీ" అన్నాను.

"మీరు ఛాయాచిత్ర సహాయకురాలు. ఆ హోదాలో మీరు ఇక్కడ ఉన్నట్లు నాకేమీ అభ్యంతరం లేదు. నేను ప్రస్తావిస్తున్నది తల్లిని గురించి" అన్నారాయన.

నాకు కోపం వచ్చింది. పొద్దున్న దీనికి జడ వేసింది ఎవరు, జ్వరంలో మూడు రోజులు భుజాన వేసుకుని తిరిగింది ఎవరు అని అడుగుదామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే నిబంధనల పుస్తకం తిరగేస్తూ, తనలో తాను చదువుకుంటున్నారు.

"తల్లి వలస వెళ్లినందున, మిగిలిన శిశువు మాతృసాన్నిధ్యరహిత శిశువుల వర్గంలోకి వచ్చును. అట్టి శిశువునకు ప్రత్యేక శ్రద్ధ నిమిత్తం రోజుకు రెండు గుడ్లు." అని చదివి తలెత్తి, "మీరు ఏదో చెప్పబోయారు" అన్నారు.

బల్లమీద గుడ్డు ఉంది. గుమ్మం పక్కన కుసుమ ఉంది.

"ఏమీ లేదండీ" అన్నాను.

ఫారం కింద సాక్షి సంతకం కావాలట. తల్లి ఈ కేంద్రములో గాని, ఈ పేటలో గాని కనబడుట లేదని నిర్ధారించడానికి, ఫోటోలన్నీ తీసిన మనిషికన్నా తగిన సాక్షి ఎవరుంటారని కలం నాకిచ్చారు. నేను పెట్టాను. దమయంతి, ఛాయాచిత్ర సహాయకురాలు. పైన తల్లి పేరు గడిలో కూడా దమయంతి అనే ఉంది. ఆయన రెండింటినీ చూశారు. ఈ ప్రాంతంలో ఈ పేరు ఎక్కువనుకుంటాను అన్నారు. అవునండీ అన్నాను.

వెళ్లేముందు రబ్బరు ముద్రలు తీసి గుడ్డుని కుసుమకి ఇప్పించారు. వివాదం తీరింది కనుక రెండోది కూడా ఆ రోజునుంచే పెట్టమన్నారు. జీపు ఎక్కుతూ ఒక హెచ్చరిక చేశారు. తల్లి ఎప్పుడు తిరిగి వచ్చి దర్శనంలో కనబడితే అప్పుడు రెండో గుడ్డు నిలిచిపోతుంది, అది టీచరుగారి బాధ్యత అని.

అందుకని నేను చాలా జాగ్రత్తగా ఉంటున్నాను. ఫోటో తీసేటప్పుడు నీడ కూడా గోడ మీద పడకూడదని గుమ్మానికి గోనెపట్టా కట్టుకున్నాం. బిందె తళతళ్లాడుతుంది, అందులో నా మొహం పడుతుందేమోనని అప్పలకొండమ్మగారు దానికి బూడిద పూసి తోమకుండా ఉంచింది. కుసుమ ఇప్పుడు పరుగెత్తడం లేదు. ఫోన్ ఎవరు పైకెత్తినా సరే, ఉన్నచోటే గోడకి ఆనుకుని, కుడిచెయ్యి చాపి, కళ్లు ఆర్పకుండా ఉండిపోతుంది. టీచరమ్మ దాన్ని చూసి పిల్లకి బుద్ధి కుదిరిందంటుంది. నేను అవునంటాను. అని, దాన్ని ఇంటికి తీసుకొచ్చి కోడిని చూపిస్తాను, చెయ్యి పట్టుకుని వీధిలో పరుగెత్తిస్తాను, నాలుకతో టక్కుమంటాను. ఒక్కోరోజు పరుగెడుతుంది. ఒక్కోరోజు నా మొహంలోకి చూసి, "ఫోటో అయిపోనాదా?" అని అడుగుతుంది.

మొన్న దానికి నాలుగేళ్లు నిండాయి. బరువు పదకొండు కిలోల తొమ్మిది వందలు. ఇంకొక్క నాలుగైదు వందల గ్రాములు పెరిగితే ఆకుపచ్చ. మా ఆయన ధర్మారావు బట్టీనుంచి మధ్యాహ్నమే వచ్చి, చేతులు సున్నిపిండితో రుద్ది కడుక్కుని, కొత్తగౌను వేసుకున్న పిల్లని చూసి మురిసిపోయాడు. పుట్టినప్పటినుంచి తల్లీపిల్లలకి కలిపి ఒక్క ఫోటో అయినా లేదు, ఇద్దరూ ఆ గోడ దగ్గర నిలబడండే అని ఫోన్ తీశాడు. నాకూ మనసైంది. కొంగు సర్దుకుని కుసుమ పక్కకి వెళ్లి, భుజం మీద చెయ్యి వేశాను.

కుసుమ నా చెయ్యి తీసేసింది. రెండు చేతులతో నా నడుం మీద పెట్టి నెట్టింది.

"నువ్వు పక్కకెల్లమ్మా" అంది. "గుడ్డు పోతాది."